ఫుడ్ బ్యాంకే ఎందుకు?
అమెరికాలో మెడికల్ స్కూల్‌కి అప్లై చేసే పిల్లలు ఆసుపత్రి బయట చేసే వాలంటీరింగ్‌కి ఫుడ్ బ్యాంకే (అవసరమైనవాళ్లకు ఉచితంగా తిండి సరుకులు ఇచ్చే చోటు) సరైనదని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మా అమ్మాయి అలాగే ఒకదాంట్లో చేరింది. వెనక గదిలో డబ్బాలు సర్దడమే పని, తీసుకునేవాళ్ల ముఖం కూడా కనిపించేది కాదు. తర్వాత ఇంటి దగ్గర లైబ్రరీలో కొత్తగా వలస వచ్చినవాళ్లకు ఇంగ్లిష్ నేర్పడానికి వెళ్లింది. కరెంటు బిల్లు, బస్సు టైమింగ్స్, పిల్లల స్కూలు నుంచి వచ్చిన ఉత్తరం... వాళ్లు అడిగేవన్నీ ఇవే. మా అమ్మాయికి ఆ పని నచ్చింది, కాలేజీ అయ్యేదాకా వదల్లేదు. ఏఎంసీఏఎస్ (అక్కడి చాలా మెడికల్ స్కూళ్లకు ఒకేచోట నుంచి పంపే అప్లికేషన్)లో 15 యాక్టివిటీలకే చోటు. అందులో 3 మాత్రమే ముఖ్యమైనవిగా చూపించి ఇంకాస్త వివరంగా రాసుకోవచ్చు. మా అమ్మాయి అలా చూపించినవాటిలో ఈ ఇంగ్లిష్ నేర్పడం ఒకటి. మనవాళ్ల పిల్లలు చాలామంది ఆదివారాలు గుడిలో తెలుగు నేర్పుతుంటారు, అదీ లెక్కే (కొందరు పేరెంట్స్ అది చెప్పుకోవడానికి ఎందుకో మొహమాటపడతారు). కాకపోతే మనకు పరిచయం లేని మనుషుల మధ్య కూడా ఒక పని ఉంటే మంచిది. అన్నట్టు, ప్రతి యాక్టివిటీకి గంటలు, అక్కడి కాంటాక్ట్ వివరాలు అడుగుతారు, మొదటి నుంచే రాసి పెట్టుకోమనండి.