కోటీశ్వరుడి ఆదాయం ఏడాదికి 72 వేలు

మా విజయనగరంలో పరువుగల ప్రతి మగాడికీ మూడు ఆదాయాలుంటాయి. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు ఒకటి, రేషన్ కార్డు దగ్గర ఒకటి, చేబదులుకొచ్చిన తోడల్లుడి దగ్గర ఒకటి. ఈ మూడూ ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా జీవితం వెళ్లిపోవాలి. మా బావకీ అలాగే వెళ్లిపోయేది, కూతురికి అమెరికా సంబంధం కుదరకపోయుంటే.

అల్లుడు అక్కడే పుట్టిన కుర్రాడు, అమెరికా పౌరుడు. పీహెచ్‌డీ చేస్తున్నాడు. పెళ్లిలో అందరికీ డాక్టరని చెప్పుకున్నాం. అబద్ధమేం కాదు, కొంచెం ముందుగా చెప్పాం, అంతే. భార్యను తీసుకెళ్లడానికి అతను వేసిన పిటిషన్ ఆమోదమైంది, స్వీట్లు పంచాం. ఆ తర్వాత వచ్చింది ఐ-864 అనే ఫారం. వచ్చిన పెళ్లాం అక్కడి ప్రభుత్వం నెత్తిన పడకుండా నేను చూసుకుంటానని మొగుడు రాసిచ్చే జామీను అది. సంతకం ఒక్కటీ చాలదు. అక్కడి దారిద్ర్యరేఖకు పైన ఇంకో పాతిక శాతం సంపాదిస్తున్నట్టు పన్ను కాగితాలతో చూపించాలి. 2025 లెక్కల ప్రకారం ఇద్దరుండే ఇంటికి అది ఏడాదికి 26,437 డాలర్లు. మావాడి స్టైపెండు 21 వేలు. అసలు రేఖే 21,150.

"అంటే మా అల్లుడు బీపీఎల్లా?" అన్నాడు బావ, వక్క నమలడం ఆపి.

నూట యాభై డాలర్ల తేడాలో నిజంగా బీపీఎల్లే.

"దానికేటోయ్, నేను చూపిస్తాను బ్యాలెన్సు" అన్నాడు. వీసా అంటే బ్యాలెన్సు చూపించడమేనని ఆయన నమ్మకం. పక్కింటి కుర్రాడు ఎమ్మెస్‌కి వెళ్లినప్పుడు వీధి వీధంతా వాడి ఖాతాలో డబ్బులేసి, వీసా రాగానే తీసేసుకుంది. మా మేనకోడలు ఓపిగ్గా చెప్పింది: ఇది ఆ వీసా కాదు నాన్నా, జామీనిచ్చేవాడు అమెరికాలో కాపురముండాలి, పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయ్యుండాలి, నీ ఆస్తి లెక్కలోకి రాదు. తగ్గినదానికి మూడు రెట్లు ఆస్తి చూపించొచ్చుగానీ అది ఆయనదో నాదో అవ్వాలి, ఏడాదిలోపు నగదుగా మారేది అవ్వాలి.

బావకి ఆ చివరి ముక్కే వినపడింది. "మారకేటి? భోగాపురం సైటు అమ్మకానికి పెడితే వారంలో మారదూ?"

ఆ సైటు ఎయిర్‌పోర్టు పక్కన. మా జిల్లాలో అందరి సైట్లూ ఎయిర్‌పోర్టు పక్కనే ఉంటాయి. అన్నీ నిజమైతే విమానం దిగడానికి చోటుండదు.

పిల్ల మాట వినకుండా ఆడిటరు దగ్గరికెళ్లి నెట్‌వర్త్ సర్టిఫికెట్ రాయించాడు. సైటు, గజపతినగరం వైపు పొలం, ఎరువుల కొట్టు, అక్క నగలు కలిపి 1 కోటి 84 లక్షలు. నీలం సిరాతో గుండ్రటి ముద్ర. దాన్ని కాగితాల సంచీలో పైన పెట్టి, సంచీ సంచీ జిరాక్స్ షాపు కుర్రాడి చేతిలో పెట్టాడు. "మొత్తం స్కాన్ చేసి అల్లుడికి పంపీ" అన్నాడు.

ఆ కుర్రాడిలాంటి బుద్ధిమంతుణ్ణి నేను చూడలేదు. మొత్తమంటే మొత్తం చేశాడు. మొదటి పేజీలో కోటీ ఎనభై నాలుగు లక్షలు. మధ్యలో కరెంటు బిల్లులు, ఒక తాకట్టు రసీదు. ఆ వెనక, పిల్ల ఇంజినీరింగ్ ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం అప్పట్లో తీయించిన ఆదాయ ధ్రువీకరణ పత్రం. అందులో బావ సంవత్సరాదాయం అక్షరాలా డెబ్బై రెండు వేల రూపాయలు.

వియ్యపురాలు వీడియో కాల్ చేసింది. వెటకారమైతే తట్టుకునేవాళ్లం. ఆవిడ నిజంగానే బాధపడుతోంది. "అన్నయ్యగారూ, నెలకి ఆరు వేలతో ఇంత పెళ్లెలా చేశారు? మాకో మాట చెప్పకూడదా?"

"హలో, హలో, కరెంటు పోయిందమ్మా" అన్నాడు బావ. వెనక ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

ఆ రెండు కాగితాల్లో ఏదీ ఎక్కడా దాఖలు చెయ్యక్కర్లేదు కాబట్టి బతికిపోయాం.

ఇక మిగిలింది జాయింట్ స్పాన్సర్, అంటే అల్లుడితోపాటు జామీను రాసిచ్చే ఇంకో మనిషి. అల్లుడి మేనమామ అక్కడే స్థిరపడ్డాడు. పెళ్లి పందిట్లో, బఫే ప్లేటు చేత్తో పట్టుకుని, లక్ష డాలర్లంటే తనకి లెక్కే కాదన్నట్టు మాట్లాడిన మనిషి. ఆయన, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మాయి కలిపితే ఐదుగురు, కావలసింది 47,062 డాలర్లు. లక్షలవాడికిదో లెక్కా అనుకున్నాం. కానీ పన్ను కాగితం అడగ్గానే ఆయన చాలా బిజీ అయిపోయాడు. ఒకసారి ఆడిటరు ఊళ్లో లేడన్నాడు, ఇంకోసారి ప్రింటరు పాడైందన్నాడు. ఈలోగా ఆయన భార్య షరతులు చదివింది. ఆ పిల్ల అక్కడి పౌరురాలయ్యేదాకానో, సుమారు పదేళ్ల ఉద్యోగం లెక్క పడేదాకానో, దేశం వదిలి వచ్చేసేదాకానో జామీను నడుస్తుంది. మొగుడూ పెళ్లాలు విడిపోయినా తెగదు.

ఇది విని మా మామ్మ ఒక్కతే ముచ్చటపడింది. "మన పెళ్లిళ్లలోనూ ఇలా రాయించుకోవాల్సింది" అంది, గోడమీద తాతయ్య ఫోటో వైపు చూస్తూ.

చివరికి వియ్యపురాలు తమ్ముడి పీకల మీద కూర్చుంటే సంతకం పెట్టాడు. ముంబై ఇంటర్వ్యూకి పట్టుకెళ్లే సెట్టు తీయిద్దామని జిరాక్స్ షాపుకెళ్లాం. ఆ పన్ను కాగితం మిషన్‌లోంచి వెచ్చగా బయటికొస్తుండగానే బావ లాక్కున్నాడు. కళ్లజోడు నుదుటిమీంచి దించుకుని వేలు పెట్టి వరసన చదివాడు. 49 వేల చిల్లర.

"సగం కూడా నేదోయ్!" అన్నాడు. కూతురి వీసా దాదాపు ఖాయమైందన్న సంతోషం ఆ మొహంలో ఎంతుందో నాకు తెలీదుగానీ, పిటిషన్ ఆమోదమైన రోజు కూడా ఆ వెలుగు లేదు.

సాయంత్రం గంట స్తంభం దగ్గర టీ తాగుతుంటే మేనమామగారే ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గింది. "బావగారూ, మీ డెబ్బై రెండు వేల సంగతి అక్క చెప్పింది. నా కడుపులోనే ఉంటుంది. నా కాగితం కూడా మీరు..."

"అయ్యో, ఎంత మాట బావగారూ! మన మధ్యే" అన్నాడు బావ.

"ఇంతకీ ఆ నలభై తొమ్మిది వేలు నెలకా, ఏడాదికా?" అన్నాడు బల్లకి అటు చివర కూర్చున్నాయన, గట్టిగా.