కాణిపాకం దాకా పోయిన ప్లగ్గు

మా ఇంట్లో అబద్ధం నిలవదు. ఉండేది తిరుపతిలో, కాణిపాకం గంటన్నర దారి. పలకబలపం పోయిన రోజుల నుంచి "వినాయకుని ముందర ప్రమాణం చేస్తావా?" అనిపించుకుంటానే పెరిగినోళ్లం. దానికి తోడు మా అత్తది చిత్తూరు. ఆమెకు ఆ గుడి పక్కవీధి కోర్టు లెక్క, చీటికీమాటికీ వాయిదా వేస్తుంది.

మాది టర్బో పెట్రోలు కారు, సెకండ్ హ్యాండు. లీటరు ఇంజను, మూడే సిలిండర్లు. టర్బో అంటే ఏందని మా మామ అడిగినాడు. "ఇంజన్లోంచి బయటికిపోయే పొగతోనే ఒక చక్రం తిప్పి, ఆ ఊపుతో లోపలికి గాలి కూరుతుంది మామా, అందుకే చిన్న ఇంజనైనా పెద్ద బండి మాదిరి లాగుతుంది" అని చెప్పినా. "అంటే వచ్చిన వడ్డీని మళ్లీ వడ్డీకి తిప్పినట్ల" అన్నాడు. పెన్షనుదారు, ఆయన లెక్క ఆయనది.

చిన్నోడికి పుట్టెంట్రుకలు తీయించేదానికి తెల్లారకముందే కొండకు బయల్దేరినాం. నేను, మా ఆవిడ, అత్త, మామ, బెంగళూరు నుంచి దిగిన బామ్మర్ది, ఒళ్లో చిన్నోడు. డిక్కీలో పులిహోర. బండికి వారం ముందరే సర్వీసు కూడా అయింది. యాడ అయింది అనేది ఇప్పుడు అడగొద్దండి.

అలిపిరిలో చెకింగు దాటేదాకా బండి వెన్నపూస. ఎత్తు మొదలైంది, యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినా. డగ్... డగ్... డగ్! ముల్లుగర్ర తగిలినా కదలనని మొండికేసిన ఎద్దు మాదిరి బండి తల ఊపింది. చిన్నోడు కేరింతలు కొట్టినాడు. డ్యాష్‌బోర్డులో పసుపుపచ్చ ఇంజను బొమ్మ వెలిగి ఆరి వెలిగి ఆరింది. "బ్రహ్మోత్సవాలకు గోపురం మీద ఏస్తారే, ఆ లైట్ల మాదిరి ఎంత బాగుండాది" అనింది అత్త.

"బావా, అది మిణుక్కుమంటే బండి ఆపాల. కాలని పెట్రోలు సైలెన్సరు దారి పట్టి, ఆడుండే, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ని కాల్చేస్తుంది" అన్నాడు బామ్మర్ది. రోడ్డు కాస్త వెడల్పున్న చోట పక్కకు తీసినా.

రోగం ఒకటి, వైద్యులు నలుగురు. పెట్రోల్లో నీళ్లు కలిపింటారని మామ. నిమ్మకాయ కట్టమంటే విన్నారా అని మా ఆవిడ. "మా తాత ఎద్దుబండిలో ఎక్కినాడు ఈ కొండ. ఎద్దుకు టర్బో ఉండిందా?" అని అత్త. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడిన కొత్తల్లో సంగతి అది. మేము ఆగింది 1974 నాటి రెండో రోడ్డులో అని సవరించబోయి, ఆమె మొహం చూసి మానుకున్నా.

మిగతావాళ్లు జేబులో వక్కపొడి పెట్టుకుంటారే, అట్ల మా బామ్మర్ది స్కానరు పెట్టుకుని తిరుగుతాడు. స్టీరింగు కిందుండే సాకెట్లో గుచ్చి ఫోన్లో చూసినాడు. "పి0300. మిస్‌ఫైరు. ఫలానా సిలిండరని కాదు బావా, ఎవురికి బుద్ధి పుడితే వాడు పని ఎగ్గొడతా ఉండాడు." బానెట్ ఎత్తి, ప్లగ్గుకు స్పార్కు కరెంటు ఇచ్చే కాయిళ్లలో ఒకటో కాయిల్‌ని మూడో దాంట్లో, మూడోదాన్ని ఒకటో దాంట్లో పెట్టినాడు. కాయిల్‌ది తప్పయితే, అది యాడికి పోతే తప్పు కూడా దాని వెంబడే పోతుందంట. ఎక్కి నొక్కితే అదే డగ్‌డగ్, అదే పి0300. ప్లగ్గులుండే బొక్కల్లో నూనె గానీ నీళ్లు గానీ దిగినాయేమోనని టార్చి వేసి చూసినాడు. పొడిగా ఉండాయి.

"ప్లగ్గులు ఎప్పుడు మార్చినారు బావా?"

"పోయిన వారం. సర్వీసులో."

"ఏ సర్వీసులో?"

"ఒరేయ్ చిన్నోడా, అద్దో చూడు, కోతి!" అన్నా. కొండదారిలో ఆ దేవుని దయవల్ల కోతులకు కరువు లేదు.

బామ్మర్ది కనిపెట్టింది ఒకటుంది. మెల్లగా నొక్కితే టర్బో గాలి కూరదు, గాలి కూరకపోతే కుదుపు రాదు. ఏసీ ఆపి, అద్దాలు దించి, ఫస్టు గేరులో గుడ్డు మీద కాలు పెట్టినట్ల తొక్కుతా ఎక్కినా. ఈ రోడ్డులో 28 నిమిషాలకన్నా ముందు పైకి చేరితే స్పీడు కింద ఫైను వేస్తారు. మేము గంటా నలభై నిమిషాలకు చేరినాం. దానికేమీ బహుమానం లేదు. కొండ మీద గుండ్లు, దర్శనం, లడ్లు అన్నీ సక్రమంగా జరిగినాయి. దిగేటప్పుడు బండి కిమ్మనలేదు. దిగేదానికి టర్బోతో పనేముంది?

మర్నాడు రేణిగుంట రోడ్డులో ఒక మెకానిక్కు దగ్గరికి పోయినాం. ఇంటిల్లిపాదీ వచ్చినారు, పెళ్లిచూపుల మాదిరి. ఆయన ఒక ప్లగ్గు ఊడదీసి, కొనల సందులో సన్నటి రేకు దూర్చి, నవ్వినాడు.

"సందు 1.1 ఉండాది సార్. ఈ బండికి 0.7 మిల్లీమీటర్లు ఉండాల. ఇది ఇదే కారులో టర్బో లేని మోడల్ ప్లగ్గు. మరలు సరిపోతాయి, బండి స్టార్టు అవుతుంది, ఇంటి ముందర చూస్తే కంప్లయింటే ఉండదు."

"ఒక్క నూలుపోగంత తేడాకే?" అన్నాడు మామ.

"కొండ మీద మాడవీధి చూసినారు కదా పెద్దాయనా. తెల్లారుజామున ఈ పక్కనుంచి ఆ పక్కకు నాలుగు అంగల్లో దాటేస్తారు. గరుడసేవ రోజు దాటండి చూద్దాం! టర్బో గాలి కూరితే సిలిండర్లో గరుడసేవే. కాయిల్ పాపం 12 వోల్టులు తీసుకుని ఇరవై ముప్పై వేల వోల్టులు చేసి తోస్తుంది. అయినా ఆ జనంలో స్పార్కు అవతలి గట్టుకు చేరలేదు. అందుకే టర్బో బండికి వీధి సన్నంగా పెడతారు. ఇట్లనే తోలుంటే కాయిళ్లు కూడా పోయుండేవి."

పదేళ్ల ఇంజినీరింగు చదువు మాదిరి అర్థమైంది నాకు. మామ దండం పెట్టినాడు, ప్లగ్గుకో గరుడసేవకో.

"ఇంతకూ ఈ ప్లగ్గులు వేసిన మహానుభావుడు ఎవరు సార్?"

అందరూ బామ్మర్ది వైపు తిరిగినారు. స్పానరు కనబడితే చెయ్యి దురద పెట్టేది వానికే కదా. "నేను బెంగళూరులో ఉండా!" అని వాడు మొత్తుకున్నాడు. నేను గోడ మీద టైర్ల క్యాలెండరు శ్రద్ధగా చదివినా.

కొండకు పోయే వారం ముందర, ఒక ఆదివారం పొద్దున మా ఆవిడ పుట్టింటికి పోయింటే, వీడియో ముందర పెట్టుకుని, ఇంటి ముందర, నా ఈ రెండు చేతులతోనే బిగించినా. టర్బో ప్లగ్గులు మూడు 1,800 అన్నాడు షాపులో. పక్కన అచ్చం అట్లాటివే మూడు 450. మిగిలింది 1,350. సర్వీసు ఖర్చని ఇంట్లో తీసుకున్న ఆరు వేలు వేరే.

"ఎవురూ ఒప్పుకోరా? సరే. ఆదివారం బామ్మర్దినీ బావనూ ఇద్దర్నీ కాణిపాకంలో నిలబెడతా. కోనేట్లో మునిగి చెప్పండి" అనింది అత్త. వాయిదా పడిపోయింది.

ఆదివారం బయల్దేరినాం. కొత్త ప్లగ్గులు పడినాయి కదా, చంద్రగిరి దాటేసరికే బండి పట్టుపురుగు దారం తీసినట్ల లాగుతా ఉంది. ఒక్క కుదుపు, సామీ, ఒకే ఒక్క డగ్ అని మొక్కుకున్నా. ఎత్తు వచ్చిన చోటల్లా కావాలనే అదిమి తొక్కినా. ఊహూ. పసుపు దీపం కూడా వెలగలేదు. వెనక సీట్లో బామ్మర్ది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు, మునిగేదానికి తయారై.

కాణిపాకం దారి బాణం గుర్తు బోర్డు కనబడింది. ఇండికేటరు వేసి పక్కకు ఆపినా.

"ఏమైంది అల్లుడూ, మళ్లీ ప్లగ్గా?" అనింది అత్త.

"ఔనత్తా," అన్నా. "ఆ పాత ప్లగ్గు సంగతే."