చిరునామా లేని దుకాణాలు

మంగళగిరి చీరలు అమ్మే ఫేస్‌బుక్ లైవ్ ఏదైనా ఒక పావుగంట చూడండి. అమ్మే ఆవిడ చీరను కెమెరాకు దగ్గరగా పట్టుకుని అంచు చూపిస్తుంది. పైట కొంగు విప్పి భుజాన వేసుకుంటుంది. జాకెట్టు ముక్క ఎంత వస్తుందో చెబుతుంది. మధ్యమధ్యలో కామెంట్లలో పలకరించినవారి పేర్లు చదువుతుంది. నచ్చితే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయండి, మల్టిపుల్స్ (అదే చీర ఒకటికన్నా ఎక్కువ) ఉన్నాయి, పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తప్పనిసరి, అది లేకపోతే డ్యామేజీకి మా పూచీ లేదు అని నాలుగైదు సార్లు గుర్తు చేస్తుంది. గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడాక లైవ్ ముగుస్తుంది. మర్నాడు అదే చీర కోసం వచ్చినవారికి ధర ఎక్కడా రాసి ఉండదు. నూలు ఎంత సన్నమో చెప్పే కౌంటు ఎంతో తెలియదు, ఇంకా ఎన్ని చీరలు మిగిలాయో తెలియదు. మళ్లీ ఆవిడకే మెసేజ్ పెట్టాలి, ఆవిడ మళ్లీ ఫొటోలు తీసి పంపాలి. ఇంత ఓపికగా, ఇంత నేర్పుగా అమ్మగలిగిన మనిషికి ఇంటర్నెట్‌లో సొంతమంటూ చాలాసార్లు ఒక్క పుట కూడా ఉండదు.

సోషల్ మీడియాలో ఎలా అమ్ముకోవాలో నేర్పేవారికి ఇప్పుడు కొదవ లేదు. రోజుకు ఎన్ని రీల్స్ పెట్టాలి, ఏ వేళకు పెట్టాలి, ఏ పాట జోడించాలి అన్నవే పాఠాలు. ఆ శ్రమంతా ఎవరి ఖాతాలో జమ అవుతోందన్న ప్రశ్న మాత్రం ఆ పాఠాల్లో ఉండదు. నా మాట సూటిగానే చెబుతాను. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్ ప్రచారానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. వాటినే దుకాణం చేసుకోవడం మాత్రం పరాయివాళ్ల స్థలంలో ఇల్లు కట్టుకోవడమే. స్థలం యజమాని మంచివాడా చెడ్డవాడా అన్న చర్చ అనవసరం. అతని అవసరాలు మారిన రోజున మన గోడలకు దిక్కెవరన్నదే అసలు సంగతి.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. వాటిలో టిక్‌టాక్ ఒకటి. దేశ భద్రత పరంగా ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నది వేరే విషయం. పల్లెటూళ్లలో కూర్చుని లక్షలమంది అభిమానులను కూడగట్టుకున్న తెలుగువాళ్లకు మాత్రం ఆ లక్షలమందిలో ఒక్కరి ఫోను నంబరూ మిగల్లేదు. ఇన్‌స్టాగ్రామ్ వారం పది రోజుల్లోనే రీల్స్‌ను మన దేశంలో తెచ్చింది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది. కొందరు అటు వెళ్లి మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టారు. చాలామంది తెరమరుగయ్యారు. ఆ తర్వాతి ఏడాది, 2021 అక్టోబరు 4న, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ప్రపంచమంతటా సుమారు ఆరు గంటలపాటు ఆగిపోయాయి. ప్రకటన ఒకచోట, బేరం ఇంకోచోట, ఆర్డరు మరోచోట అనుకున్నవారికి ఆ మూడు చోట్లూ ఒకే కంపెనీవని ఆ రాత్రి తెలిసొచ్చింది. ఏమీ ఆగిపోని మామూలు రోజుల్లో కూడా ఖాతా హ్యాక్ అయిందని, తప్పుడు ఫిర్యాదుతో పేజీ మూతపడిందని మొత్తుకునే చిన్న వ్యాపారులు కనిపిస్తూనే ఉంటారు. వారి గోడు వినడానికి ఫోను ఎత్తే మనిషి అవతల ఉండడు.

అయినా నిషేధాలు, అంతరాయాలు అరుదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రోజూ చప్పుడు లేకుండా జరిగే వ్యవహారం. ఇన్‌స్టాగ్రామ్ 2016లో పోస్టులను వచ్చిన వరుసలో చూపడం మానేసి, ఎవరికి ఏది చూపాలో తనే నిర్ణయించడం మొదలుపెట్టింది. 2018 జనవరిలో ఫేస్‌బుక్ ఇంకా బాహాటంగా చెప్పింది. స్నేహితుల, బంధువుల పోస్టులకే పెద్దపీట వేస్తామని, వ్యాపార పేజీల పోస్టులు తక్కువగా కనిపిస్తాయని ప్రకటించింది. అంతకుముందు ఏళ్ల తరబడి మన పేజీని లైక్ చేయండని ఇంటింటా చెప్పించుకుని, అందుకోసం ప్రకటనలు కూడా కొనిపించి, తీరా ఆ లైక్ కొట్టినవారికి మన మాట చేరాలంటే మళ్లీ డబ్బు కట్టమంటున్నారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని అయిన మెటా ఆదాయంలో నూటికి 95 రూపాయలకు పైగా ప్రకటనల నుంచే వస్తుంది. మన పోస్టు ఉచితంగా అందరికీ చేరితే ఆ కంపెనీకి ఒరిగేదేమిటి? పోస్టు కింద ఉండే ఆ ‘బూస్ట్’ బటన్ మన మీద దయతో పెట్టింది కాదు. మనం కూడగట్టుకున్న మనుషులనే మనకు అద్దెకిచ్చే ఏర్పాటు అది. ఆ అద్దె మీద 18 శాతం జీఎస్‌టీ కూడా మనదే.

పదివేలమంది ఫాలోవర్లు ఉన్నారని చెప్పుకునే పచ్చళ్ల వ్యాపారి కన్నా, తన దగ్గర రెండుసార్లు కొన్న మూడు వందలమంది పేర్లు, నంబర్లు నోటు పుస్తకంలో రాసుకున్న వ్యాపారి భద్రంగా ఉన్నట్టు. కొత్త ఆవకాయ దించిన రోజున ఆ మూడు వందలమందికి కబురు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పదివేలమంది సంగతి అలా కాదు. వారిలో ఎందరికి కబురు చేరిందో చెప్పేదీ, చేరనివ్వాలో వద్దో తేల్చేదీ అవతలివాడే. వాట్సాప్ ఉందిగా అంటారేమో. మామూలు బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మంది వరకే పరిమితి, అందులోనూ మన నంబరును తమ ఫోనులో భద్రపరచుకున్నవారికే సందేశం చేరుతుంది. స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది. నంబరు నిషేధానికి గురైతే సంభాషణలు, కేటలాగు, పాత ఆర్డర్లు అన్నీ ఒక్కసారే చేజారతాయి. నోటు పుస్తకంలోని జాబితా మాత్రం మిగులుతుంది.

ఎదుటి వాదన నాకు తెలియనిది కాదు. సొంత వెబ్‌సైటు పెడితే అక్కడికి వచ్చేదెవరు, జనం ఎక్కడుంటే అక్కడే అమ్ముకోవాలి కదా అంటారు. ఇంటి పని, వంట పని, ప్యాకింగు అన్నీ ఒంటిచేత్తో చేసుకునే మహిళకు ఇదొక కొత్త బరువంటారు. మొదటి మాటలో సగం నిజముంది. కొత్త కొనుగోలుదారు దొరికేది రీల్‌లోనే, నేనూ కాదనను. కానీ దొరికినవారిని నిలుపుకోవడం వేరే పని, దానికి రీల్ చాలదు. ఇక బరువు విషయానికొస్తే, ఒకే ధరను, ఒకే డెలివరీ గడువును రోజుకు ముప్పై నలభైమందికి విడివిడిగా టైపు చేయడమే అసలు బరువు. ఒక్కసారి రాసి పెట్టిన పుట ఆ చాకిరీని తగ్గిస్తుంది.

అందుకు అయ్యే ఖర్చూ భయపడేంత కాదు. డొమైన్ పేరుకు, అంటే వెబ్‌సైటు సొంత చిరునామాకు, ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు చాలు. దాన్ని బ్లాగర్ వంటి ఉచిత సేవకు తగిలించుకోవచ్చు. రేపు ఆ సేవ మూతపడినా పేరు మనదే కాబట్టి వేరే చోటికి మార్చుకోవచ్చు. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడినప్పుడు అక్కడి పేజీలకు ఈ వెసులుబాటు లేకపోయింది. ప్రతి రీల్ చివర, ప్రతి పార్శిల్‌లో పెట్టే చీటీ మీద ఆ చిరునామా ఉండాలి. కొన్నవారిని అడిగి, వారు సరేనంటేనే నంబరు జాబితాలో రాసుకోవాలి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టమే వచ్చింది, అడగకుండా రాసుకోవడం మర్యాదా కాదు. ఆన్‌లైన్‌లో వ్యాపారం చేసేవారు తమ పేరు, చిరునామా, ఫిర్యాదు ఎవరికి చేయాలన్న వివరాలు కనిపించేలా పెట్టాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు కూడా చెబుతున్నాయి. ‘ధర కోసం డీఎం చేయండి’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకునే పేజీ కన్నా, బరువు, ధర, నిల్వ గడువు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే నంబరు రాసి పెట్టిన పుటను కొనేవారు ఎందుకు ఎక్కువ నమ్ముతారో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పుటలో ఏం రాయాలన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. పోచంపల్లి ఇక్కత్‌నే తీసుకోండి. అచ్చు వేసిన గుడ్డను ఇక్కత్ అని అంటగట్టే మోసం ఎప్పటి నుంచో ఉంది. అసలు నేతలో నూలును ముందే పోగులుగా విడదీసి, చిటికీలు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. అందుకే పువ్వు అంచులు గీత గీసినట్టు ఉండవు, కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. గుడ్డ తిరగేసినా రంగు దాదాపు అంతే గాఢంగా ఉంటుంది. అచ్చు వేసినదానికి వెనకవైపు రంగు పాలిపోయి ఉంటుంది. ఇంత చిన్న పరీక్షను బొమ్మలతో సహా రాసి పెడితే, అసలు సరుకు కోసం వెతికేవారు ఏళ్ల తరబడి ఆ పుటకే వస్తారు. ఇక్కత్‌లోనే మరో రకమైన పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నూలును నూనెతోనూ, ఆముదపు కాయల బూడిద నీటితోనూ పదను చేసే ఆ పద్ధతిని నేసే చేతులే వివరిస్తే ఆ మాటకుండే బరువు వేరు. అదే సంగతి ముప్పై సెకన్ల రీల్‌లో, సినిమా పాట హోరులో చెబితే నాలుగు రోజుల తర్వాత ఎవరికి కనిపిస్తుంది? 2025 జులై నుంచి ఇన్‌స్టాగ్రామ్ వ్యాపార ఖాతాల బహిరంగ పోస్టులు గూగుల్ వెతుకులాటలో వస్తున్నమాట నిజమే. కానీ పోస్టు కింద రాసింది హ్యాష్‌ట్యాగులే అయితే వెతికేవారికి దొరికేదీ ఆ హ్యాష్‌ట్యాగులే.

ఈ నష్టం వ్యాపారంతోనే ఆగడం లేదు, తెలుగును కూడా తాకుతోంది. 2006 నుంచి నాలుగైదేళ్లపాటు తెలుగు బ్లాగులు ఎంత కళకళలాడాయో అప్పట్లో చదివినవారికి గుర్తుండే ఉంటుంది. లేఖిని అనే సైటులో తెలుగు టైపు చేసి, టపా (బ్లాగు పోస్టు) ప్రచురిస్తే, బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే కూడలి, జల్లెడ వంటి సంకలినుల ద్వారా అది పాఠకులకు చేరేది. వంటలు, ఊళ్ల చరిత్రలు, పద్యాలు, సాగు కబుర్లు అన్నీ రాశారు. తర్వాత అందరూ ఫేస్‌బుక్‌కు తరలిపోయారు. లైకులు వెంటనే వస్తాయి కాబట్టి అది సహజమే. ఫలితం చూడండి. ఆనాటి టపాల్లో ఎన్నో నేటికీ వెతికితే దొరుకుతున్నాయి. ఆ తర్వాత అవే చేతులు ఫేస్‌బుక్ గోడ మీద రాసిన అంతకన్నా మంచి రచనలు, రాసినవారికే మళ్లీ దొరకని స్థితిలో ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 8 కోట్ల 11 లక్షలమంది. ఇంతమంది భాషలో ఒక చీర గురించో, ఒక పచ్చడి గురించో, పూతరేకు తీసే కుండ గురించో నమ్మదగిన నాలుగు పేరాలు కావాలంటే ఇంగ్లిషులో వెతుక్కోవలసి రావడం నాకు బాధగా ఉంది. తెలుగు నేర్చుకుంటున్న కృత్రిమ మేధ యంత్రాలు సైతం చదివేది బహిరంగంగా ఉన్న రాతనే. మనం రీల్స్‌లో మాట్లాడి వదిలేసినది ఆ రాతలో చేరదు.

చిన్న వ్యాపారులూ చేతివృత్తులవారూ సొంత పుటల్లో తెలుగులో రాయడం మొదలుపెడితే ఈ లోటు చాలా వరకు తీరుతుంది. పండితుల పరిషత్తులు తీర్చలేని లోటు ఇది, ఎందుకంటే ఆత్రేయపురంలో పూతరేకు ఎందుకు చిరుగుతుందో తెలిసినవారు ఆ పొయ్యి ముందు కూర్చున్నవారే. తెలుగు లిపిలోనే .భారత్ చిరునామా తీసుకునే వీలు ఉంది. ఆ సంగతి మన వ్యాపారుల్లో ఎందరికి ఎవరు చెప్పారు?

ప్రభుత్వాలు చెప్పాలి. స్వయం సహాయక సంఘాల మహిళలకు, చేనేత సంఘాలకు డిజిటల్ మార్కెటింగ్ పేరుతో ఇచ్చే శిక్షణలో ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిపించడం కన్నా ముందు డొమైన్ పేరు వారి పేరు మీదే కొనిపించాలి. మధ్యలో ఉన్న ఏజెన్సీ పేరు మీద కొంటే ఏడాది తిరిగేసరికి అదీ చేజారుతుంది. ఆప్కో వంటి సహకార సంస్థలు తమ సైట్లలో ఒక్కో సంఘానికి విడిగా పుట ఇచ్చి, నేసేవారు తమ మాటల్లో రాయడానికి చోటు కల్పించాలి. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవానికి మంత్రులు, సినీతారలు నేత బట్టలు కట్టుకుని ఫొటోలు పెడుతున్నారు, లక్షల లైకులు వస్తున్నాయి. వచ్చే ఆగస్టు 7న ఆ ఫొటో కింద హ్యాష్‌ట్యాగుతోపాటు ఆ గుడ్డ నేసిన సంఘం వెబ్ చిరునామా కూడా రాయండి.