సిగరెట్ పోస్టర్‌లో పుట్టిన రాధ

మొన్న ఒక డాన్స్ వర్క్‌షాప్‌లో చేతికి కరపత్రం ఇచ్చారు. అమెరికా నర్తకులు బూట్లు విప్పి, ఒట్టి కాళ్ళతో వేదికెక్కాక ఆధునిక నృత్యం మొదలైందట. నేను చెప్పులతో గజ్జెలు ముట్టుకుంటే మా మాస్టారు వీపు విమానం మోత మోగించేవారు. ఇన్నేళ్ళూ అది భక్తి అనుకున్నాను, ఆధునికత అని తెలియక!

ఆ ఆధునికత కాన్పు సంగతి చూద్దాం. 1904లో అమెరికాలోని బఫెలో ఊళ్ళో రూత్ సెయింట్ డెనిస్ అనే నటి మందుల షాపులో సిగరెట్ పోస్టర్ చూసింది. దాని మీద గుమ్మంలో కూర్చున్న ఈజిప్టు దేవత. బుద్ధుడికి బోధి చెట్టు, ఈవిడకి సిగరెట్ పోస్టర్. ఈజిప్టుకని బయల్దేరిన ఊహ దారి మళ్ళి ఇండియా చేరింది. మనిషి చేరడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది లెండి. ఈలోగా 1906లో 'రాధ' అనే నృత్యం తయారు. పాట ఫ్రెంచి ఒపేరాది.

రాధ ఏం చేస్తుంది? గుళ్ళో విగ్రహమై కూర్చుంటుంది. మన రాధే, చల్ల చిలికే రాధ! పూజారులు మొక్కగానే లేస్తుంది. చూపుకి నగలు, వినికిడికి గంటలు, వాసనకి పూలు, స్పర్శకి తన చేతికి తనే ముద్దు. రుచికి? వెన్న కాదు, మీగడ కాదు, గిన్నెడు మద్యం! తాగి, గిరగిరా తిరిగి, కిందపడి, వైరాగ్యం పుట్టి మళ్ళీ విగ్రహమైపోతుంది. పూజారుల వేషాలకి న్యూయార్క్‌లో దొరికిన భారతీయులను తెచ్చారు. "అమ్మా, రాధమ్మకి గుళ్ళో మందేంటి?" అని ఒక్కడికైనా నోటిదాకా వచ్చే ఉంటుంది. కూలి డబ్బులు గుర్తొచ్చి మింగేసి ఉంటాడు.

అప్పటికే గోదావరి జిల్లాల్లో కళావంతులు, అంటే ఆటే వృత్తిగా ఉన్న కులం ఆడవాళ్ళు, గొల్లకలాపం అనే నృత్యనాటకం ఆడుతున్నారు. అందులో చల్ల అమ్మే గొల్లభామ బ్రాహ్మణుణ్ణి నిలబెట్టి వేదాంతం వాదిస్తుంది. ఆవిడ ఆధునికం కాదట, సంప్రదాయమట.

ఆ వేషం కట్టిన ఆడవాళ్ళకి మనం చేసిన సన్మానం? వాళ్ళ ఆటలకి, అంటే భోగం మేళాలకి, వెళ్ళొద్దని 1893లోనే మద్రాసు గవర్నరుకి అర్జీ. 1947లో గుళ్ళో ఆడితే నేరమని చట్టం. ఉద్దేశం మంచిదేనంటారు. ఆ ఉద్దేశం వాళ్ళకి అన్నం పెట్టిందా? మేళం పోయింది, ఆదరువు పోయింది, కులం పేరు బూతుమాటగా మిగిలింది. సముద్రానికి అటు నడుం తిప్పితే ఆత్మ, ఇటు తిప్పితే సానితనమా? సిగ్గులేదూ ఈ లెక్క రాసినవాళ్ళకి, ఇవాళ్టికీ దాన్నే అచ్చేసి పంచేవాళ్ళకి!

వర్క్‌షాప్ చివర మా అందరి చేతా చెప్పులు విప్పించి, నేలని 'ఫీల్' అవమన్నారు. అయ్యాం. బయటికొస్తే నా చెప్పులు లేవు. ఆధునికంగానే ఆటో ఎక్కాను.