బీరువాలో నేను తప్ప అందరూ ఉన్నారు

నాకు 44. మొన్న ఆదివారం బయటికెళ్దామని బీరువా తెరిచి, అరగంటలో ఏడు జతలు వేసి విప్పాను. మంచమంతా బట్టల గుట్ట. గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్న మా ఆయన, మొగుళ్ళందరూ అనే మాటే అన్నాడు. "ఇన్ని బట్టలు పెట్టుకుని వేసుకోడానికేం లేవంటావేంటి?"

ఇంకో రోజైతే పోట్లాటే. ఆ రోజెందుకో ఆ ప్రశ్నకి నిజంగానే జవాబు వెతకాలనిపించింది. బయటికెళ్ళడం మానేశాం. (ఆయనకి కావాల్సిందీ అదే లెండి.) నేల మీద కూర్చుని, ఒక్కో బట్టా తీసి "నువ్వెవరిదానివే?" అని అడగడం మొదలుపెట్టా.

తేలిందేంటంటే, ఆ బీరువాలో ముగ్గురు ఆడవాళ్ళు కాపురముంటున్నారు. ఒకావిడ ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆవిడకి 31 ఏళ్ళు, సన్న నడుం, ఎత్తు మడమల చెప్పులేసుకుని రోజంతా నిలబడగలదు. రెండో ఆవిడ ఇంకా రాలేదు, ఐదు కిలోలు తగ్గాక వస్తుంది. ఆవిడ కోసం ట్యాగు కూడా తెంపని రెండు డ్రస్సులు ఎదురుచూస్తున్నాయి. మూడో ఆవిడ ఆఫీసులో తను మాట్లాడుతుంటే ఎవరూ అడ్డు రాకూడదని నల్ల కోట్లూ బూడిదరంగు ప్యాంట్లూ కొనుక్కున్న మనిషి. మరి ఇవాళ ఈ ఇంట్లో తిరుగుతున్న నాకు? నాలుగంటే నాలుగు. అవే ఉతుక్కోవడం, అవే కట్టుకోవడం.

నలభైల్లో స్టైల్ మార్చుకుంటాం అని అందరూ ఏదో మనం కూర్చుని నిర్ణయించుకున్నట్టు చెబుతారు. మనమేం మార్చుకోం. ఒళ్ళు చెప్పాపెట్టకుండా మారిపోతుంది, బీరువాకి ఆ కబురు ఏడెనిమిదేళ్ళు ఆలస్యంగా అందుతుంది. నా గోలంతా ఆ మధ్యకాలం గురించే.

ముందు మోసం చేసింది పాదాలు. పెద్దయ్యాక పాదం పెరగదనుకునేదాన్ని. ఎముక పెరగదు నిజమే గానీ, ఏళ్ళు గడిచేకొద్దీ పాదంలో ఎముకల్ని కట్టి ఉంచే బంధనాలు వదులై, ఆ వంపు కాస్త కిందికి దిగి, పాదం పొడుగ్గా వెడల్పుగా సాగుతుంది. అడుగున మెత్తగా ఉండే కొవ్వు పొర కూడా పలచబడుతుంది. పదేళ్ళుగా ఒకటే నంబరు చెబుతూ, కరిచిన ప్రతి చెప్పుల జతనీ తిట్టుకున్నాను. చివరికి కొలిపిస్తే తెలిసింది, తప్పు చెప్పులది కాదని.

తర్వాత కళ్ళు. బట్టలకీ కళ్ళకీ ఏం సంబంధం అంటారా? వెనకాల చిన్న కొక్కెం ఉన్న గొలుసు పెట్టుకోండి తెలుస్తుంది. మన భాషలో ఈ జబ్బుకి పేరే చత్వారం. నలభైకి సంస్కృతంలో ఉన్న మాట నుంచి వచ్చింది, వయసు సర్టిఫికెట్టు పేరులోనే ఉంది. కంట్లో కటకం బిరుసెక్కి, దగ్గరివి మసకబారతాయి. బుల్లి బుల్లి బటన్లు పాతికున్న చొక్కాలు నేను మానేసింది ఫ్యాషన్ మారి కాదు, పొద్దున్నే కళ్ళజోడు వెతుక్కునే ఓపిక లేక.

ఆ తర్వాత అసలు కథ, ఆవిర్లు. చల్లటి ఏసీ గదిలో కూర్చుని ఉండగా ఛాతీ నుంచి మొహం దాకా ఒక్కసారి మంట ఎగదన్నినట్టవుతుంది. రెండు మూడు నిమిషాల్లో ఒళ్ళంతా చెమట, ఇంకో రెండు నిమిషాలకి చలి. నెలసరి ఆగిపోవడానికి ముందు కొన్నేళ్ళు నడిచే ఈ దశని పెరిమెనోపాజ్ అంటారు, చాలామందికి నలభైల్లోనే మొదలవుతుంది. ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. పాలిస్టరు బట్ట ముందు చెప్పింది. చెమట పీల్చదు, గాలి ఆడనివ్వదు. ఎంతో ముచ్చటపడి కొన్న మెరిసే టాప్ వేసుకుని ఒక మీటింగులో కూర్చున్న ఆ పావుగంట నా శత్రువుకి కూడా వద్దు. అప్పట్నుంచి కొనేటప్పుడు ముందు చూసేది రంగు కాదు, లోపల కుట్టిన చిన్న చీటీ. నూలు, లినెన్, లేదా పలచటి ఉన్ని. పైన ఏదేసినా ఒక్క చేత్తో విప్పేసేలా ఉండాలి. తల మీంచి దూర్చుకునే స్వెట్టర్లన్నీ అలా ఇంట్లోంచి వెళ్ళిపోయాయి.

నడుం సంగతికొస్తే, "వయసొచ్చింది కదా, మెటబాలిజం పడిపోయింది" అని నేనూ పదేళ్ళు చెప్పుకున్నా. 2021లో 'సైన్స్' అనే పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఆ సాకు లాగేసింది. 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషుల్ని, పసిగుడ్ల నుంచి తొంభైల్లో ఉన్నవాళ్ళ దాకా కొలిచారు. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 దాకా ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి దాదాపు మారడం లేదట. మారేవి వేరే. కండ తగ్గుతుంది, కదలిక తగ్గుతుంది, ఆడవాళ్ళకి ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గేకొద్దీ తుంటి దగ్గర చేరే కొవ్వు పొట్ట దగ్గరికి మకాం మారుస్తుంది. అందుకే తూకంలో అదే బరువు చూపించినా పాత ప్యాంటు బొత్తాం పడదు.

మా ఆయనకి ఈ బాధే లేదు. ఇరవై ఏళ్ళుగా ఆయన నడుం 34. ఎలాగంటే, పొట్ట పెరిగేకొద్దీ బెల్టు పొట్ట కిందికి జారుతూ వచ్చింది. నంబరు పదిలం. ఈ తెలివి నాకెందుకు రాలేదా అనుకుంటా అప్పుడప్పుడు.

నంబర్లంటే గుర్తొచ్చింది. ఇవాళ నాకు సరిగ్గా పట్టే నాలుగు బట్టల మీదా ఏముందో చూశా. ఒకదాని మీద ఎమ్, రెండింటి మీద ఎల్, ఒకదాని మీద ఎక్స్‌ఎల్. ఒకే ఒళ్ళు! ఈ కొలతల పుట్టుక చదివితే ఇంకా ఒళ్ళు మండింది. 1939-40ల్లో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు దాదాపు 15,000 మంది ఆడవాళ్ళని కొలిచారు. అందులోనూ తెల్లవాళ్ళ కొలతలే లెక్కలోకి తీసుకున్నారు. ఆ లెక్కల ఆధారంగా 1958లో అక్కడ ఒక ప్రామాణిక సైజుల పట్టిక వచ్చింది. బట్టల కంపెనీలు దాన్ని క్రమంగా గాలికొదిలేశాయి, 1983లో అదీ రద్దయింది. ఆ తర్వాత ఎవరిష్టం వాళ్ళది. కొనేవాళ్ళ మనసు నొప్పించకుండా అదే కొలతకి చిన్న నంబరు వేయడం కూడా వ్యాపారంలో భాగమే. ఇలాంటి చీటీ చూసుకుని ట్రయల్ రూములో కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజులున్నాయి నాకు. ఇప్పుడు కొన్న రోజే కత్తెరతో కత్తిరించి పారేస్తున్నా. ఉతికే సూచనలున్న చీటీ మాత్రం ఉంచుతా, అంత ఆవేశం లేదు.

ఇదంతా ఒళ్ళు గోల. ఇక నాకు అసలు మంట పుట్టించే మాటకొస్తా. "వయసుకు తగ్గట్టు."

నలభై దాటితే ఇవి వేసుకోకూడదు, మోకాలు దాటాలి, చేతులు కప్పాలి, ముదురు రంగులు మానాలి అని జాబితాలు రాస్తారే, వాళ్ళని ఒక్కసారి చూడాలనుంది. జుట్టుకి రంగు వేస్తే "ఈ వయసులో ఏం సోకులు" అంటారు. వేయకపోతే "పాపం, తన గురించి పట్టించుకోవడం మానేసింది" అంటారు. నెరిసిన జుట్టు మగాడికైతే హుందాతనం, మనకైతే నిర్లక్ష్యం. అలాగని మగాళ్ళకి సుఖమనీ అనను. యాభైకి దగ్గరపడ్డ మనిషి తోలు జాకెట్టు కొంటే చాలు, "మిడ్‌లైఫ్ క్రైసిస్" అని నవ్వుతారు. ఆ మాట పుట్టించిన ఇలియట్ జాక్స్ అనే మానసిక విశ్లేషకుడు 1965లో రాసిన వ్యాసం పేరులోనే చావు ఉంది. పెద్ద పెద్ద కళాకారులు నడివయసులో చావుని ఎలా ఎదుర్కొన్నారన్నది ఆయన విషయం. అది చివరికి జాకెట్టు మీద జోకయ్యి కూర్చుంది.

అయితే ఈ మంటలో నా వంతు కూడా ఉంది, దాచను. నాకు 27 ఏళ్ళప్పుడు ఆఫీసులో ఒక సీనియర్ ఉండేవారు. ఒక రోజు ఆవిడ నిమ్మపండు రంగు కోటు వేసుకొచ్చారు. పసుపంటే పసుపు, కళ్ళు జిగేలుమనే పసుపు. టీ దగ్గర నేను పక్కవాళ్ళతో "ముసలోళ్ళకి దసరా పండగ" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ విన్నారో లేదో ఇప్పటికీ తెలీదు. మరుసటి రోజూ అదే కోటు వేసుకొచ్చారు. అప్పుడు ఆవిడ వయసు 42. అంటే ఇవాళ్టి నాకన్నా రెండేళ్ళు చిన్న.

ఈ మధ్య అందరూ చెప్పే ఓదార్పు ఇంకోటుంది. "నిన్నెవరూ చూడట్లేదు, నీ ఇష్టమొచ్చింది వేసుకో." దీనికి సాక్ష్యం కూడా లేకపోలేదు. 2000లో అమెరికాలో కొందరు సైకాలజిస్టులు ప్రచురించిన ప్రయోగం ఉంది. విద్యార్థుల చేత సిగ్గుపడేలాంటి బొమ్మున్న టీషర్టు వేయించి, జనమున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారని వేసుకున్నవాళ్ళు అనుకున్నారు. గమనించింది దాదాపు నాలుగోవంతు. బాగుంది. కానీ ఆ ప్రయోగంలో ఉన్నది కుర్రాళ్ళు. నలభైల్లో ఉన్న మనిషికి "నిన్నెవరూ చూడట్లేదు" అంటే అది ఒక్కటే రకంగా వినపడదు. కొట్లో అమ్మే పిల్ల నా భుజం మీంచి నా వెనకాల అమ్మాయితో మాట్లాడినప్పుడు నాకు స్వేచ్ఛగా ఏమీ అనిపించలేదు. చిన్నప్పుడు ఎవరి చూపులు వద్దని దుపట్టా సర్దుకున్నామో, ఆ చూపులు నిజంగానే తప్పుకుంటే హాయి సగం, చివుక్కుమనడం సగం. ఆ రెండో సగం గురించి ఎవరూ రాయరు. నాకైతే హాయి నెగ్గడానికి మూడేళ్ళు పట్టింది, ఇప్పటికీ కొన్ని రోజులు ఓడిపోతుంది.

ఆ మూడేళ్ళలో చేసిన తెలివితక్కువ పని క్యాప్సూల్ వార్డ్‌రోబ్. కలిపి ఎలా వేసుకున్నా నప్పే కొద్ది బట్టలు చాలనే ఈ ఆలోచన 1970ల్లో లండన్‌లో సూజీ ఫో (Susie Faux) అనే ఆవిడ ప్రచారంలోకి తెచ్చింది. 1985లో అమెరికన్ డిజైనర్ డోనా కారన్ ఏడు బట్టల జట్టు ఒకటి తెచ్చాక బాగా ఊపందుకుంది. ఆలోచనలో తప్పు లేదు, నా ఆచరణలో ఉంది. అందరూ చూపించే ఫొటోల్లాగే ఇసకరంగు, బూడిదరంగు, తెలుపు కొన్నాను. అద్దంలో చూసుకుంటే మొహమే కనపడలేదు! జుట్టులో నలుపు తగ్గాక మొహానికీ జుట్టుకీ మధ్య ఉండే తేడా పోతుంది. దాని మీద ఇసకరంగు చొక్కా వేస్తే మనిషి గోడలో కలిసిపోతుంది. పొదుపు చేద్దామనుకుని పన్నెండు బట్టలు దండగ చేశాను.

ఇంకో భ్రమ కూడా వదిలింది. "ఇదే నా స్టైల్, ఇక మారదు" అని 25లో అన్నాను, 33లో అన్నాను, 40లో కూడా అన్నాను. 2013లో సైన్స్ పత్రికలోనే 19,000 మందికి పైగా అడిగి చూసిన అధ్యయనం ఒకటొచ్చింది. ఏ వయసువాళ్ళైనా గడిచిన పదేళ్ళలో బోలెడు మారామని ఒప్పుకుంటారట, వచ్చే పదేళ్ళలో మాత్రం పెద్దగా మారమంటారట. అది చదివి నవ్వుకుని, "జీవితాంతం ఉంటుంది" అంటూ ఏదీ కొనడం మానేశాను. మూడేళ్ళు ఆనందంగా వేసుకుంటే చాలు.

ఇప్పుడు ట్రయల్ రూములో నిలబడి చూసుకోను. కూర్చుంటాను, గొంతుక్కూర్చుంటాను, పైఅరలో డబ్బా అందుకుంటున్నట్టు చేతులెత్తుతాను. లోపల కుట్టు దగ్గర బట్ట మిగులుందో లేదో తిరగేసి చూస్తాను, టైలర్ విప్పి వదులు చేయడానికి. సాగే బట్టలో ఉండే ఎలాస్టేన్‌ని వేడినీళ్ళకీ డ్రయ్యర్‌కీ దూరంగా ఉంచుతాను, వేడి తగిలితే సాగిందల్లా సాగినట్టే ఉండిపోతుంది. ఇవన్నీ పాతికేళ్ళప్పుడు ఎవరైనా చెప్తే విని ఉండేదాన్నా? లేదు.

ఆ ఆదివారం సాయంత్రానికి మూడు సంచులు నిండాయి. వెళ్ళిపోయిన ఆవిడ జీన్స్ మాత్రం చేతిలోంచి వదల్లేకపోతుంటే మా అమ్మాయి వచ్చి లాక్కుపోయింది. పదిహేనేళ్ళది. పదేళ్ళుగా నేను కుమిలిపోయిన ఆ సన్న నడుం దానికి వదులట, బెల్టు పెట్టుకుంటానంది. పావుగంట తర్వాత తిరిగొచ్చి మంచం మీద పడేసింది. "అమ్మా, వీటి జేబులో ఫోన్ సగం కూడా దిగట్లేదు." దిగదు మరి. 2018లో 20 బ్రాండ్ల జీన్స్ కొలిచి చూస్తే ఆడవాళ్ళ ముందు జేబులు మగవాళ్ళవాటి కన్నా సగటున 48 శాతం పొట్టిగా ఉన్నాయట.

తర్వాత తలుపు వెనకాల తగిలించిన కోటు మీద కన్నేసింది. పోయిన నెల కొన్నా. నాలుగు జేబులు, లోపల నూలు అస్తరు, ఒక్క లాగుతో ఊడొస్తుంది. పసుపంటే పసుపు.

"ఇది నాకిస్తావా?" అంది.

ఇవ్వలేదు.