మూడు దశాంశాల నేల

విమానం నుంచి లేజరు వెలుగు విసిరి నేల ఎత్తులు కొలిచే లైడార్ సర్వే గురించిన ఏ నివేదిక తెరిచినా ‘లేజరు అడవిని చీల్చుకుని నేలను చూస్తుంది’ అన్న వాక్యం మంగళాచరణలా మొదటి పేజీలోనే ఎదురవుతుంది. ఆకును చీల్చే లేజరే అయితే కింద నిలబడ్డ మనుషుల గతి ఏమిటని ఆ పేజీ రాసినవారెవరూ ఆలోచించినట్టు లేదు. నిజానికి విమానం నుంచి సెకనుకు లక్షల సంఖ్యలో వెలువడే లేజరు మెరుపులలో, అంటే పల్సులలో, అదృష్టం ఉన్న కొన్ని మాత్రమే ఆకుల సందుల్లోంచి దూరి నేలను తాకి తిరిగి వస్తాయి. తక్కినవి కొమ్మల దగ్గరే వెనుదిరుగుతాయి. వెళ్లి వచ్చిన కాలంలో ఒక్క నానోసెకను తేడా పడితే దూరం 15 సెంటీమీటర్లు మారిపోతుంది కనుక, ఆ కొలత అద్భుతమేనని ఒప్పుకుంటాను.

సందు దొరకని చోట సాఫ్ట్‌వేరు చుట్టుపక్కల బిందువుల మధ్య ఒక నున్నని త్రికోణం పరచి, దానికి నేల అని పేరు పెట్టి, ఎత్తును మూడు దశాంశ స్థానాల వరకు ముద్రిస్తుంది. దట్టమైన పొదకైతే ఏకంగా దిబ్బగా పదోన్నతి లభిస్తుంది.

అన్నిటికంటే గొప్పది కల్వర్టు. పైనుంచి చూసే లేజరుకు రోడ్డు కనబడుతుంది, దాని కింది గొట్టం కనబడదు. కనుక సరిదిద్దని ఎత్తుల పటంలో ప్రతి రోడ్డు కట్టా ఆనకట్టే. వరద ఎటు పోతుందో చూడటానికి ఆ పటం మీద కంప్యూటరులో కురిపించిన వాన వాగు వెంట పరుగెత్తుకొచ్చి రోడ్డు ముందు ఠక్కున ఆగుతుంది. అక్కడ గొట్టం ఉందని ఆ దారిన పోయే పశువులకు కూడా తెలుసు గానీ, నీటికి ఉత్తర్వులు అందలేదు. పాపం, అది వెనక్కి వ్యాపించి, ఎన్నడూ తడవని మెరకను ముంచి, చాలకపోతే రోడ్డెక్కి, దర్జాగా అవతలికి దిగుతుంది. నిజంగా మునిగే అవతలి పల్లం మాత్రం పటంలో అంతవరకూ పొడిగా ఉంటుంది.

పటంలో కట్టను కోసి నీటికి దారి చూపించే పద్ధతి ఈ రంగంలో అందరికీ తెలిసినదే. అందుకు ఎవరో ఒకరు కాలినడకన వెళ్లి కల్వర్టులు చూసి రావాలి. విమానానికి డబ్బు దొరికింది, చెప్పులకు దొరకలేదు!

ఆ పటాన్ని నమ్మి పల్లంలో ఇల్లు కట్టుకుని మునిగిపోయినవాడి ముఖం మీద ‘మా ఖచ్చితత్వం 10 సెంటీమీటర్లు’ అని విసరడం సిగ్గుమాలిన పని. ఆ 10 సెంటీమీటర్లు చెట్టూ చేమా లేని గట్టి బయలు మీద సరిచూసినవి. చెట్ల కింద తప్పు ఎంతో విడిగా లెక్కించాలి. లెక్కించినా దానిని ఎవరూ చదవని అనుబంధంలో పాతిపెడతారు. అయ్యా, పటంలో నేలను తాకిన పల్సు ఒక్కటీ లేని గడిని తెల్లగా వదిలేయండి. ఊహకు రంగు పూసి కొలత అని అంటగట్టకండి. ఏ గడి ఖాళీయో మీ పాయింట్ క్లౌడ్ (లేజరు కొలిచిన బిందువుల మూట) మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉంది. పటం అందంగా కనబడదనే కదా దాచారు?