నిర్ధారణ విశాఖలో సరే, శిక్షణ ఊళ్లో ఎందుకు కాకూడదు?

నాలుగేళ్ల పిల్లవాడు అంగన్‌వాడీలో పట్టుమని ఐదు నిమిషాలు కూర్చోడు, చెప్పిన మాట చెవిన పెట్టడు, పక్కవాళ్లను తోసేస్తాడు. శ్రీకాకుళం పల్లెల్లో ఇలాంటి పిల్లవాడి గురించి ముందుగా వినిపించేది ‘ఈ గుంటడికి కుదురు లేదు’ అనే మాట, ఆ వెంటనే వచ్చేది తల్లి పెంపకం మీద నింద. ఇలాంటి పిల్లల్లో కొందరికి ఉండే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) పెంపకం వల్ల వచ్చేది కాదు. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి, వంశపారంపర్యం పాత్ర ఇందులో చాలా ఎక్కువ. ప్రపంచవ్యాప్తంగా పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. అయితే, పిల్లవాడితో పెద్దలు వ్యవహరించే తీరు మారితే ఆ ఇంట్లో రోజు గడిచే తీరు మారుతుందన్నది కూడా అంతే నిజం.

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు మొదట ఇవ్వవలసింది మందు కాదు, తల్లిదండ్రులకు ప్రవర్తన శిక్షణ, అంటే పిల్లవాడి ప్రవర్తనను చక్కదిద్దే పద్ధతులు వారికి నేర్పడం. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ కూడా 2018లో ఐదేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల బృంద శిక్షణకే మొదటి స్థానం ఇచ్చింది. ఆ శిక్షణ వల్ల మేలు కలగడానికి పిల్లవాడికి ఫలానా సమస్య ఉందని ముందే తేలవలసిన అవసరం లేదని అమెరికా మార్గదర్శకాలు చెప్పడం మనకు అన్నిటికంటే పనికొచ్చే విషయం.

మన దగ్గర జరుగుతున్నది దీనికి తలకిందులు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసేందుకు 2013లో మొదలైన ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించవలసిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది, కానీ అనుమానం కలిగిన తరవాత పిల్లల మానసిక నిపుణుల కోసం కుటుంబం చూసేది విశాఖపట్నం వైపే. ఇచ్ఛాపురం నుంచి అది రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. నిర్ధారణ కోసం ఒకటి రెండు సార్లు ఎలాగోలా వెళ్లవచ్చు. ప్రవర్తన శిక్షణ మాత్రం సాధారణంగా వారానికోసారి చొప్పున రెండు మూడు నెలలు సాగుతుంది. పలాసలో జీడిపప్పు ఒలిచే తల్లి అన్ని వారాలు కూలి వదులుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వెళ్లగలదని ఎవరైనా అనుకుంటే, వారు ఆ ఇంటి లెక్క చూడలేదనే అర్థం. ఆమె మధ్యలో మానేస్తే ‘తల్లికి శ్రద్ధ లేదు’ అని రాసేయడం సులువు.

అందుకే నిర్ధారణను, శిక్షణను విడదీయాలి. మొదటిదానికి నిపుణుడు తప్పనిసరి. రెండోదానికి నిపుణుడి పర్యవేక్షణ కావాలి గాని, ప్రతి ఊళ్లోనూ నిపుణుడే ఉండనక్కరలేదు.

ఆ శిక్షణలో నేర్పేదేమిటో దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది. సాయంత్రం వంటింట్లోంచి ‘బ్యాగు తీయ్, కాళ్లు కడుక్కో, చెల్లిని ఏడిపించకు’ అని మూడు మాటలు ఒక్క గుక్కలో అరిస్తే, ఈ పిల్లవాడి చెవిన ఒక్కటీ నిలవదు. దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, కళ్లలోకి చూస్తూ ‘బ్యాగు మేకుకి తగిలించు’ అని ఒక్కటే చెప్పి కొన్ని క్షణాలు ఆగాలి. తగిలించగానే ‘చెప్పిన వెంటనే తగిలించావురా’ అని చేసిన పనిని పేరు పెట్టి మెచ్చుకోవాలి. చిన్న చిన్న మారాములను చూసీ చూడనట్టు వదిలేయాలి. రోజూ కొంచెంసేపు వాడు కోరిన ఆటను వాడితో ఆడాలి. వినడానికి ఇదేం విద్య అనిపిస్తుంది గాని, అలసి ఇంటికి వచ్చిన మనిషికి ఇది అలవాటు కావాలంటే ఎవరో ఒకరు చేసి చూపించాలి, ఆమె చేత చేయించాలి, తప్పితే కసరకుండా మళ్లీ చేయించాలి. కరపత్రం పంచి చేతులు దులుపుకుంటే అయ్యే పని కాదు.

దీన్ని సర్వరోగ నివారిణిగా అమ్మడం కూడా తప్పే. ఏడీహెచ్‌డీ చికిత్సలను పోల్చి చూసిన, 1999లో ఫలితాలు వెలువడిన ఎంటీఏ అనే పెద్ద అధ్యయనంలో ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 579 మంది పాల్గొన్నారు. ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం తగ్గించడంలో ప్రవర్తన చికిత్స ఒక్కదానికంటే జాగ్రత్తగా సరిచూస్తూ ఇచ్చిన మందులే మెరుగ్గా పనిచేశాయి. శిక్షణ వల్ల ఎక్కువగా మారేది ఎదురు తిరిగే స్వభావం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మీది ఒత్తిడి. బడి వయసు పిల్లల్లో మందు అవసరమైనప్పుడు దాన్ని భయంతో తోసిపుచ్చడానికి ఈ శిక్షణ సాకు కాకూడదు.

చిన్న వయసు పిల్లల విషయంలో మాత్రం మనకు ఒక వెసులుబాటు ఉంది. మార్గదర్శకాలు చెప్పే వయసు పిల్లలు మన అంగన్‌వాడీలో చేరిన పిల్లలే. ఆ ఊరి యాస మాట్లాడే కార్యకర్త అక్కడ ఉంది, తల్లులు డ్వాక్రా సంఘం సమావేశానికి ఎలాగూ వస్తారు. ఆ పూటే ఓ గంట ఇందుకు కేటాయిస్తే వేరే ప్రయాణం అక్కరలేదు. కార్యకర్తకు పిల్లల ఎదుగుదల సమస్యలను ముందే గుర్తించి సాయపడే, జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రం సిబ్బంది తర్ఫీదు ఇచ్చి, ప్రతి నెలా ఆమె ఎదుర్కొన్న చిక్కులను ఫోన్లో విని దారి చూపవచ్చు. శిక్షణతో సరిపోని పిల్లలనే విశాఖ పంపితే అక్కడి వరుస కూడా తగ్గుతుంది.

నాయనమ్మలనూ పిలవాలి. తీర గ్రామాల నుంచి మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల వేటకు, మిగతా ఊళ్ల నుంచి దంపతులిద్దరూ చెన్నై, హైదరాబాద్‌లకు పనులకు వెళ్లే జిల్లా ఇది. పిల్లవాడు నిజంగా ఎవరి చేతిలో పెరుగుతున్నాడో వారే శిక్షణకు రావాలి. తల్లి చూసీ చూడనట్టు వదిలేసిన మారానికి నాయనమ్మ ఫోన్ చేతిలో పెడితే ఆ వారం నేర్చుకున్నదంతా నీళ్లపాలే.

ఈ ప్రతిపాదనకు గట్టి అభ్యంతరం అంగన్‌వాడీల నుంచే రావచ్చు, అది న్యాయమైనదే. 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సాగిన వారి సమ్మె ప్రధానంగా వేతనాల కోసమే. అదనపు పనికి అదనపు పారితోషికం, ఆ సమయానికి వేరే రికార్డుల పని నుంచి మినహాయింపు ముందే ఉత్తర్వులో ఉండాలి. ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న అంకె కూడా అడగకూడదు. అడిగితే హాజరు పట్టీలు నిండిపోతాయి. మొదటి వారం వచ్చినవారిలో చివరి వారం దాకా నిలిచినవారెందరు, మానేసినవారు ఏ కారణంతో మానేశారు అన్న రెండు వివరాలనే ఒకటి రెండు మండలాల్లో ఏడాదిపాటు నమోదు చేయించి, ఆ తరవాతే జిల్లా అంతటికీ విస్తరించాలి.